ఊరికే ఇచ్చిన ఆరు ఫ్లాపీలు

మొన్న ఆదివారం పొద్దున్నే క్యాసెట్ల భాయ్ ఫోన్ చేశాడు. "అమ్మా, మాస్టారు పోయారు" అన్నాడు. మాస్టారంటే నరసరావుపేటలో నాకు లెక్కలు చెప్పినాయన. ఆయన గురించి నేను దాచిపెట్టిన సంగతి ఒకటుంది. ఆయన ఉన్నన్నాళ్లూ చెప్పనివ్వలేదు. ఇప్పుడు అడ్డం పడేవాళ్లు లేరు కాబట్టి చెబుతున్నాను.

ఎనభైల చివరి రోజులవి. డిగ్రీ అయ్యాక నేనొక ట్యుటోరియల్ కాలేజీలో కంప్యూటర్ నేర్పేదాన్ని. నేర్పడమంటే పిల్లలకన్నా ఒక పాఠం ముందుండటం, అంతే. మాస్టారు బడి వదలగానే వచ్చి, నోటుబుక్కులో రాసుకున్న ప్రోగ్రామ్ నా ముందు పెట్టేవారు. నేను టైపు చేసేదాన్ని. పత్తి మీద కొట్టే మందు పేరు ఇస్తే, ఒక్కో స్ప్రేయర్ డబ్బాకు ఎన్ని మూతలు పొయ్యాలో తెలుగులో చీటీ వచ్చేలా చేయాలని ఆయన పట్టుదల. అక్షరాలు వంకరటింకరగా వచ్చినా వచ్చేవి.

"చేలో పురుగు, చేతిలో మందు సీసా, సీసా మీద ఇంగ్లీషు. రైతు ఎవర్నని అడుగుతాడు అమ్మాయ్?" అనేవారు.

చుట్టుపక్కల టైపు ఇన్‌స్టిట్యూట్‌ల వాళ్లు అప్పుడప్పుడే కంప్యూటర్లు కొంటున్నారు. వాళ్లకు దాన్ని అమ్మమంటే మాస్టారికి కోపం. "లెక్కకు డబ్బేంది?" అని కసిరేవారు. అందుకని బస్టాండు పక్కన భాయ్ క్యాసెట్ల కొట్లో పెట్టాం. ఖాళీ ఫ్లాపీ ఇచ్చి నిండు ఫ్లాపీ పట్టుకెళ్లాలి, గోలీసోడా బుడ్డిలాగా. ఫ్లాపీలో ఏముందో భాయ్‌కి తెలియదు గానీ, పాటల క్యాసెట్టుకు చేసినట్టే ఉఫ్‌మని ఊది మరీ ఇచ్చేవాడు. తెచ్చిన ఖాళీల మీద ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు రాసుకున్న పాత పేరు కనపడకుండా కొత్త కాగితం అంటించేవాడు. నాకది నచ్చక ఎన్నిసార్లో దెబ్బలాడాను.

పెట్టిన మొదటి వారంలోనే ఆరు ఫ్లాపీలు వెళ్లాయి. ఏడోది చేస్తూ ఒక పొద్దున నేను మందుల పట్టిక మళ్లీ చదివాను. రెండు మందుల అంకెలు తారుమారుగా టైపు కొట్టాను. చప్పటి మందుకు పొయ్యాల్సిన మూతలు ఘాటు మందుకు పడ్డాయి, నాలుగింతలు. ఆ ఏడాది మందు కొడుతూ చేలోనే పడిపోయినవాళ్ల గురించి వింటూనే ఉన్నాం.

మాస్టారింటికి పరిగెత్తాను. ఆయన విన్నారు, నోటుబుక్కు చూశారు. తిట్టలేదు. చెప్పులు వేసుకుని "పద" అన్నారు.

కొట్టు తెరుస్తున్న భాయ్ బిక్కమొహం వేశాడు. "పేర్లెక్కడున్నయి సార్? ఊరికే ఇచ్చేదానికి బిల్లేంది అనుకున్నా."

అమ్మి ఉంటే బిల్లు పుస్తకం ఉండేది. ఊరికే ఇచ్చిన పుణ్యానికి అడ్రసు లేకుండా పోయింది. మాస్టారు డబ్బాలో ఉన్న ఆరు ఖాళీ ఫ్లాపీలను బల్ల మీద పరిచారు. "ఈ కాగితాల కింద పాత పేర్లుంటాయి కదా భాయ్?"

తడి గుడ్డతో అద్ది, గోళ్లతో గీకాం. వినుకొండ వచ్చింది. గురజాల వచ్చింది. ఇంకో మూడు ఊళ్లొచ్చాయి. బస్సు డ్రైవర్ల చేతికి చీటీలిచ్చి భాయ్ ఆ అయిదింటికీ కబురు పంపాడు. ఆరో ఫ్లాపీ మీద కాగితం సగం చిరిగింది. మాచర్ల అన్న మాటా, కింద టైపు ఇన్‌స్టిట్యూట్ పేరూ మిగిలాయి గానీ, చీటీ పంపాలంటే ఏ వీధో తెలియలేదు. ట్రంకాల్ కలవలేదు. మాచర్ల బస్సెక్కాం. దారంతా మాస్టారు నోటుబుక్కు తెరిచి మందుల పట్టిక మళ్లీ మళ్లీ సరిచూశారు. ఆయన తిట్టినా బాగుండేదనిపించింది.

ఇన్‌స్టిట్యూట్ ఆయన నవ్వుతూ ఎదురొచ్చాడు. "చానా బాగుంది సార్ మీ ప్రోగ్రాం. పొద్దున్నే ఒకాయనకు చీటీ తీసిచ్చా. ఇయ్యాలే మందు కొడతానన్నాడు."

ఆయన స్కూటరు మీద ముగ్గురం ఎక్కాం. చేను ఊరికి దూరం. మేం వెళ్లేసరికి ఆ రైతు డబ్బా వీపుకెత్తుకుని, మొహానికి గుడ్డయినా లేకుండా సాలు మొదట్లో నిలబడున్నాడు. మాస్టారు గట్టు మీంచే అరిచారు.

"దించయ్యా! ఆ చీటీ తప్పు. దించు!"

"ఎవురయ్యా నువ్వు? కంప్యూటరు చీటీ తప్పేంది?"

"ఆ లెక్క రాసింది నేనే. తప్పు నాదే."

నేను నోరు తెరిచాను. మాస్టారు నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టారు.

సంగతి అర్థమయ్యాక రైతు ముఖం ఎర్రబడింది. "ఇంకాసేపు ఆగొస్తే నా పెళ్లాం శవం మీద పడి ఏడుస్తుండేది! పంతులువేనా నువ్వు?" అని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ తిట్లన్నీ నావి. మాస్టారు తల వంచుకుని పడ్డారు. చివరికి "ఇంకా తిట్టు, ముందు డబ్బా దించు" అన్నారు. ఆ మందును డ్రమ్ములో పోయించి, నీళ్లు కలిపించి, ఒక డబ్బాను నాలుగు డబ్బాలు చేయించారు. తన కండువా తీసి రైతు ముక్కుకు కట్టారు.

"ఎండలో ఎందుకు సారూ, ఇంక పోండి" అంది రైతు భార్య.

"అయిందాకా ఉంటా తల్లీ."

తిరిగొచ్చేసరికి మిగతా అయిదు చోట్లా ఇంకా ఎవరికీ చీటీ ఇవ్వలేదని కబురుంది. ఆ సాయంత్రమే మాస్టారు భాయ్‌కి ఒక నోటుబుక్కు కొనిచ్చారు, తీసుకెళ్లేవాళ్ల పేరూ ఊరూ రాయమని. నాతో మటుకు ఒక్కటే అన్నారు: "డబ్బిచ్చినవాడు తిరిగొచ్చి మనల్ని నిలదీస్తాడు. ఊరికే తీసుకున్నవాడు మొహమాటపడి రాడు. అందుకని మనమే వాళ్ల వెంట పోవాలమ్మాయ్." మర్నాడు మళ్లీ నోటుబుక్కు నా ముందే పెట్టారు. నా చేత్తోనే దిద్దించారు.

ఆ తప్పు నాదని ఆయన ఎవరికీ చెప్పలేదు, భాయ్‌కి కూడా. మాస్టారూ, అది నాది.

ఆయన్ని తలచుకుంటే నాకు తరగతి గది గుర్తు రాదు. మాచర్ల ఎండలో, గట్టు మీద తెల్ల చొక్కాతో కూర్చున్న మనిషి కనిపిస్తారు. డ్రమ్ములోది అయిపోయాక, డబ్బా ఖాళీ అయినప్పుడల్లా లేచి వచ్చి, మందు సీసా తనే పట్టుకుని, మూత నిండా వంచి, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు పైకే లెక్కపెట్టేవారు. "ఒకటి... రెండు... చాలు."