జొన్నరొట్టె దొరకని ఎండాకాలం

మొన్న నా మనవరాలు స్నేహితురాళ్ళతో కలిసి అనంతగిరి కొండలు చూడటానికి వచ్చి, దారిలో వికారాబాదులో మా ఇంటి దగ్గర దిగి, మంచినీళ్ళైనా తాగకముందే ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. తాండూరులో జొన్నరొట్టె, కందిపప్పు ఎక్కడ బాగుంటాయని ఎవరో అడిగారట, దానికి ఎవరెవరో రాసిన జవాబులు అందులో ఉన్నాయట. ఒకరు స్టేషను దగ్గర అంటారు, ఇంకొకరు బస్టాండు వెనుక అంటారు, మరొకరు రెండూ బాగుండవు హైదరాబాదులోనే తినమంటారు. "నువ్వు గక్కడ నౌకరి చేసినవు గద అమ్మమ్మా, నువ్వు చెప్పు" అంది. నేను చెప్పలేకపోయాను. జొన్నరొట్టె ఎక్కడ దొరుకుతుందని అడుగుతూ ఒక ఎండాకాలం నేను అదే ఊళ్ళో గడపగడపా ఎక్కి దిగాను, ఆ సంగతి ఆ పిల్లలకు నిలబడి ఉన్నపాటున చెప్పేది కాదు. నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుంది. వానలు ఎగ్గొట్టి, చేన్లు బీళ్ళుగా పడి, రేషను దుకాణాల ముందు ఎర్ర గోధుమల కోసం పొద్దున్నుంచీ నిలబడిన ఆ కాలాన్ని వాళ్ళు మరిచిపోయి ఉండరు.

నేను వికారాబాదులో మిషను వాళ్ళ హాస్టలులో పెరిగినదాన్ని. మా అమ్మానాయనలు ఊళ్ళో కూలిపని చేసేవాళ్ళు, నన్ను మాత్రం చదువుకొమ్మని చిన్నతనంలోనే అక్కడ వదిలారు. అక్కడ గోధుమజావ, అన్నం, పలుచటి చారు తిని పెరిగానే గానీ పొయ్యి ముందు కూర్చున్నది తక్కువ. టీచరు ట్రైనింగు అయ్యాక తాండూరులో ఒక చిన్న బడిలో పని దొరికింది, ఆ మరుసటేడు అక్కడే పెళ్ళయింది. మా ఆయన బండల గనిలో పనిచేసేవాడు. భూమిలో పొరలు పొరలుగా ఉండే నాపరాయిని ఉలి పెట్టి పగలకుండా లేపడం ఆయన పని. మా అత్తమామలు పెళ్ళికి ముందే పోయారు. కాబట్టి నాకు రొట్టె తట్టడం నేర్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. గోధుమపిండి సాగుతుంది, ఎట్లా ఒత్తినా మాట వింటుంది. జొన్నపిండి అట్లా కాదు. ఉడుకునీళ్ళు పోసి పిసికి, అరచేత్తో తడుతూ తిప్పుతూ ఉండాలి, చెయ్యి కాస్త తప్పిందా అంచులు విచ్చిపోతాయి. నా రొట్టె పెనం మీదికి చేరకముందే ముక్కలయ్యేది. ఆయన నన్ను కసిరేవాడు కాదు. బిందెలో నీళ్ళు ముంచుకు తాగి, గుడ్డ ఒకటి భుజాన వేసుకుని, అవ్వ ఖానావళికి పోయి ఇద్దరికీ రొట్టెలు కట్టించుకు వచ్చేవాడు.

ఖానావళి అంటే పూటకూళ్ళ ఇల్లు. స్టేషను వెనుక, పప్పుమిల్లుల సందులో, రేకుల కప్పు కింద ఉండేది. నడిపే అవ్వ కన్నడ మనిషి, భర్త పోయాక సరిహద్దు అవతలి నుంచి వచ్చి పొయ్యి పెట్టుకుంది. గనుల వాళ్ళు, మిల్లుల హమాలీలు, రైలు పట్టాల పనివాళ్ళు వరుసగా బండల మీద కూర్చునేవాళ్ళు. ఆమె తడుతుంటే ఆ చప్పుడు సందు మొదట్లోకే వినిపించేది. పెనం మీద నీళ్ళు పూసి, తిప్పి, నిప్పుల దగ్గర ఒరిగిస్తే రొట్టె నిండుగా పొంగేది. పప్పు గట్టిగా, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, పైన ఎండుమిరపకాయ పోపుతో. తాండూరు నల్లరేగడిలో పండిన కందులకు ఉడికేటప్పుడు ఒక వాసన ఉంటుంది, ఆ వాసనకే సగం ఆకలి తీరుతుందనేవాడు మా ఆయన. ఆడవాళ్ళు లోపల కూర్చోవడం అప్పట్లో లేదు. నేను వెళితే గడప బయట నిలబడి అందుకునేదాన్ని. అవ్వ మాత్రం నన్ను చూడగానే "ఊట ఆతేన్ తాయీ?" అనేది, తిన్నవా తల్లీ అని. వచ్చిన ప్రతివాళ్ళనూ ఆమె మొదట అడిగే మాట అదే.

వానలు తప్పిన ఆ ఏడే మా ఆయనకు దగ్గు పట్టుకుంది. రాళ్ళదుమ్ము అనుకున్నాం. తరువాత సాయంకాలాలు జ్వరం, ఆ తరువాత గుడ్డ నిండా రక్తం. చూసిన డాక్టరు క్షయ అన్నాడు. వికారాబాదు కొండ మీద క్షయరోగుల దవాఖానలో చేర్చుకున్నారు. నేను బడికి సెలవు పెట్టి, వికారాబాదులో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, రోజూ కొండెక్కి వెళ్ళేదాన్ని. సూదులు, మాత్రలు ఇచ్చేవాళ్ళు. పాలు, గుడ్డు, అన్నం కూడా పెట్టేవాళ్ళు. కానీ ఆయన నోరు కట్టుకుపోయింది. పాలు చూస్తే డోకు, అన్నం ముద్ద నోట్లో పెడితే అట్లాగే పెట్టుకుని గోడవైపు తిరిగేవాడు. ఎముకలు లేచి, కళ్ళు లోపలికి పోయి, నేను పట్టుకుంటే ఉలి పట్టిన ఆ చేతికి బరువే లేదు. పక్క మంచాల వాళ్ళు ఒక్కొక్కరే ఖాళీ అవుతుంటే, ఏ మంచం ఎట్లా ఖాళీ అయిందో నేను అడగడం మానేశాను.

ఒకనాడు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. పెద్దాయన, మెత్తటి మనిషి. "మందు తన పని తను చేస్తది. కాని పొట్టల ఇంత పడకుంటె మందు ఎవరి మీద పనిచెయ్యాలె బిడ్డా? ఏది తింటనంటె అది తెచ్చి పెట్టు" అన్నాడు. నేను లోపలికి పోయి అడిగాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"అవ్వ రొట్టె ఉంటె తింట" అన్నాడు.

మర్నాడు పొద్దున పాసెంజరు బండికి తాండూరు వెళ్ళాను. బండి దిగి ఆ సందులోకి తిరగగానే చెవి ఒగ్గాను, రొట్టె తట్టే చప్పుడు లేదు. ఖానావళికి తాళం వేసి ఉంది, పొయ్యిలో బూడిద కూడా గాలికి లేచిపోయింది. స్టేషను ముందున్న హోటలుకు వెళ్ళాను. గల్లా దగ్గర కూర్చున్నాయన ఆడమనిషి లోపలికి వచ్చినందుకు ముందు బిత్తరపోయి, తరువాత నా మొహం చూసి మెల్లగా చెప్పాడు. "పూరి ఉంది, చాయ్ ఉంది. జొన్నరొట్టె అడగకమ్మ. మా ఇంట్లనే లేక నెలలాయె." ఇంకో హోటలు, ఇంకో హోటలు. గంజ్ బజారులో ధాన్యం రాశులు పోసే చోట కోడిపిల్ల పొడిచి తినడానికి గింజ లేదు. తెలిసినవాళ్ళ ఇళ్ళకు పోయాను, నా దగ్గర చదువుకునే పిల్లల ఇళ్ళకు పోయాను. ఒక్క రొట్టె కావాలని టీచరమ్మ గడప గడపకూ వచ్చి నిలబడితే వాళ్ళు ఖాళీ పిండిడబ్బాలు తెచ్చి చూపించారు. ఒక ఇల్లాలు లోపలికి పోయి గోధుమరొట్టెలు తెచ్చి నా చేతిలో పెట్టి, ఇవే ఉన్నాయమ్మా అని కళ్ళు దించుకుంది. వద్దనలేక కొంగున కట్టుకున్నాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. పప్పుమిల్లు అరుగు మీద కూలబడ్డాను. ఆయనకు రొట్టె దొరకలేదని చెప్పడమంటే నువ్వు బతకవని చెప్పడమేనని అనిపించి, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చాను. అక్కడ పనిలేక కూర్చున్న ముసలి హమాలీ ఒకాయన, రోజూ ఖానావళిలో తిన్నవాడే, లేచి వచ్చి ఎవరి కోసం అని అడిగాడు. చెప్పాను. "అవ్వ బిడ్డ దగ్గరికి పోయింది. వాగు అవతల ఊరు. నడువు, బాట చూపిస్త" అని, వాగు దాకా వచ్చి, ఎండిపోయిన ఇసుక దాటించి, దూరాన కనిపించే ఇళ్ళు చూపించి వెనక్కి మళ్ళాడు.

అవ్వ వాకిట్లో కూర్చుని ఆకుకూర ఏదో ఏరుతోంది. మనిషి సగమైంది. నన్ను గుర్తుపట్టి, అలవాటుగా "ఊట ఆతేన్?" అని నోరు తెరిచి, మధ్యలో ఆగిపోయింది. పెట్టడానికి ఏమీ లేని ఇంట్లో ఆ మాట అడగకూడదని ఆమెకు తోచినట్టుంది. నేను జరిగినదంతా చెప్పాను. ఆమె లోపల ఉన్న కూతురి వైపు చూసింది. ఇంటి దూలానికి వేపాకు, బూడిద కలిపి మూతి కట్టిన ఒక చిన్న కుండ వేలాడుతోంది.

"అది ఇత్తనం" అంది ఆ బిడ్డ, ఎవరూ అడగకముందే. నా ఈడుదే, నాకంటే ముసలిదానిలా ఉంది. "వాన పడితె చేన్ల ఏం చల్లాలె?"

అవ్వ తల వంచుకుని మళ్ళీ ఆకు ఏరసాగింది. అడిగే హక్కు నాకు లేదు. లేచి నిలబడ్డాను. కొంగు విప్పి గోధుమరొట్టెలు గడప దగ్గర కూర్చున్న అవ్వ మనవలకు పెట్టాను, వాళ్ళు అవి తిన్న తీరు చూడలేక తల తిప్పుకున్నాను. ఆ తల్లి వాళ్ళను చూసింది, నన్ను చూసింది.

"ఎన్నేండ్లు నీ పెనిమిటికి?" అని అడిగింది. చెప్పాను. ఆమె పీట వేసుకుని ఎక్కి కుండ దించింది. అన్నీ కాదు, దోసిట్లో పట్టినన్ని జొన్నలు తీసి, కడిగి ఆరబెట్టి, మిగతా కుండ మళ్ళీ కట్టింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని విసిరాం. తిరగలి తిప్పుతున్నంతసేపూ ఆమె కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. అవ్వ మూటలో తాండూరు నుంచి తెచ్చుకున్న కందిపప్పు పిడికెడు మిగిలి ఉంది, అది ఉడికించింది. రొట్టెలు అవ్వ తట్టింది. ఆఖరి ముద్ద నా ముందుకు జరిపి, "నువ్వు కొట్టు. రేపు నేనుంటనా ఏంది?" అంది. నా చేతి మీద తన చెయ్యి పెట్టి తిప్పించింది. అంచులు వంకరగా వచ్చాయి గానీ విచ్చలేదు.

సాయంకాలం బండికి తిరిగి వచ్చి, టాంగా దొరికినంత దూరం టాంగాలో, ఆపైన పరుగులాంటి నడకతో కొండెక్కేసరికి రోగులను చూసే వేళ దాటిపోయింది. నర్సమ్మ నా చేతిలో గుడ్డమూట, నా కాళ్ళ దుమ్ము చూసి తలుపు తీసింది. ఆయన మంచం దగ్గర మూట విప్పాను. కళ్ళు తెరవకముందే ముక్కు కదిలింది. పప్పులో రొట్టె నానబెట్టి చిన్న చిన్న తునకలు పెట్టాను. మింగాడు. మళ్ళీ నోరు తెరిచాడు. ఆ రోజు తిన్నది అరచేతి మేర కూడా ఉండదు, కానీ అది లోపల నిలిచింది. వంకర అంచు రొట్టె వేళ్ళతో తడిమి, "ఇది నీదే గద" అన్నాడు. అంత జబ్బులోనూ పెదవుల మీద నవ్వు వచ్చింది. మిగిలినవి గుడ్డలో చుట్టి దాచి, ఎండి గట్టిబడిన వాటిని పాలలో నానబెట్టి పెట్టాను. అట్లా పాలు కూడా అలవాటయ్యాయి. ఆ తరువాత అన్నం.

ఆయన బతికాడు. ఆ ఏడు వాన కూడా పడింది. కొండ దిగి ఇంటికి వచ్చి, కొత్త జొన్నలు అమ్మకానికి రాగానే ఒక సంచి నింపుకుని ఇద్దరం వాగు దాటి ఆ ఊరికి వెళ్ళాం. ఇంటికి తాళం. ఇరుగుపొరుగు చెప్పారు, నేను వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకే తిండికి గతిలేక ఆ మిగతా విత్తనం కూడా వండుకున్నారట, వాన రాకముందే ఇంటిల్లిపాదీ బొంబాయి వైపు మట్టిపనికి పోయారట. అవ్వ అక్కడే ఎక్కడో చనిపోయిందని కబురు వచ్చిందట. బిడ్డ సంగతి తెలియదు. చుట్టూ అందరి చేన్లలో కంది పచ్చగా ఉంది, వాళ్ళది మాత్రం గడ్డి మొలిచి ఉంది. మా ఆయన సంచి భుజాన పెట్టుకుని ఆ గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పక్కింటి వాళ్ళ దగ్గర పెట్టి, వస్తే ఇవ్వండని చెప్పి వచ్చాం. మళ్ళీ రెండుసార్లు పోయి చూశాం. తాళం తుప్పు పట్టింది, తరువాత గోడ కూలింది.

ఆయన ఆపైన చాలా ఏళ్ళు ఉన్నాడు. గని పని మానిపించి బడిలో కాపలా పనికి పెట్టించాను. పిల్లలు పుట్టారు, పెరిగారు. రోజూ రొట్టెలు నేనే చేసేదాన్ని, బాగానే వచ్చేవి. అయినా తింటూ తింటూ ఒక్కోసారి ఆగి కంచంలోకి చూస్తూ ఉండిపోయేవాడు. 

కాలం మారింది, మారడమే మంచిది. క్షయ వస్తే ఇప్పుడు మాత్రలు ఇంటికే ఇస్తారు. ఆడపిల్లలు హోటలులో దర్జాగా కూర్చుని కావలసింది అడిగి తింటారు, అది చూస్తే నాకు సంతోషమే. బీదవాళ్ళ తిండి అని ముక్కు చిట్లించిన జొన్నరొట్టెను షుగరు వచ్చిన వాళ్ళంతా వెతుక్కుంటూ వస్తున్నారు. తాండూరులో ఎక్కడ చూసినా బోర్డులే, ఎక్కడ తిన్నా రొట్టె బాగానే ఉంటుంది. కానీ తట్టే మనిషి తెర వెనుక ఉంటుంది, తినేవాళ్ళకు ఆమె కనబడదు, ఆమెకు తినేవాళ్ళు కనబడరు. తిన్నవా తల్లీ అని అడిగేవాళ్ళూ లేరు. నేను ఎప్పుడైనా అటు పోతే తినడం అయ్యాక వెనక్కి పోయి, పొయ్యి ముందు చెమటలు కక్కుతున్న ఆ అమ్మాయిని ఏ ఊరు బిడ్డా మీది అని అడుగుతాను. ఏదో ఒక ఊరు చెబుతుంది, ముసలమ్మకు ఎందుకీ ఆరా అన్నట్టు చూస్తుంది. ఇంతవరకు ఎవరూ వాగు అవతలి ఆ ఊరు చెప్పలేదు.