ఏసీ హాల్లో ఎండు నెత్తళ్ళు

మా అమ్మని ఆ సభకి తీసుకెళ్ళడం నా బుద్ధితక్కువ అని మొదటి గంటలోనే అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుని చాలా రోజులైంది గానీ, ఆ రోజు మాత్రం అనుకున్నాను.

విజయనగరంలో ఒక హోటల్ హాలు. మనవాళ్ళు, శ్రీలంకవాళ్ళు, బంగ్లాదేశ్‌వాళ్ళు కలిసి పెట్టుకున్న సభ. దారితప్పి సరిహద్దు దాటిన జాలర్లను ఏ దేశం పట్టుకున్నా రెండో దేశానికి వెంటనే కబురు చెయ్యాలని, ఇంటివాళ్ళకి తెలియజెయ్యాలని, మనుషుల్లా చూడాలని అందరూ కలిసి ఒక తీర్మానం రాయాలి. వాళ్ళ ఇంగ్లీషుని మా జాలరిపేట ఆడవాళ్ళకి తెలుగులో చెప్పడం నా పని. చీపురుపల్లిలో టీచరు ఉద్యోగానికి రెండు రోజులు సెలవు పెట్టి మరీ వెళ్ళాను.

ఊరికే వెళ్ళలేదు. మా అన్న వెళ్ళిన బోటు ఇంజను ఆగిపోయి బంగ్లాదేశ్ వైపు కొట్టుకుపోయి అప్పటికి పదకొండు నెలలు. పట్టుకుని జైల్లో పెట్టారని కొందరన్నారు, బోటే మునిగిపోయిందని కొందరన్నారు. పేటలో పెద్దలు ఇంకెన్నాళ్ళు చూస్తారు, కార్యం చేసెయ్యండి అంటూ మా వదిన చేతి గాజుల వైపు చూడ్డం మొదలెట్టారు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. అమ్మ మాత్రం ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. "ఉన్నాడో నేడో, ఆ ఒక్క ముక్క సెప్పమను సాలు" అనేది.

సరే, సభ మొదలైంది. ఒక పెద్దాయన మానవ గౌరవం గురించి చాలా బాగా మాట్లాడుతున్నారు. పది నిమిషాలకి ముందు వరసలో ఒకావిడ ముక్కు మీద కొంగు వేసుకుంది. తర్వాత రెండో వరస. హోటల్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు, వెనకే ఇద్దరు పనివాళ్ళు. "ఎలక సచ్చినట్టున్నాది సార్" అంటూ టార్చి పట్టుకుని వేదిక కిందకి దూరారు. పైన పెద్దాయన గౌరవం గురించి చెప్తూనే ఉన్నారు. కింద ఒకడి కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

నాకు అనుమానం వచ్చి అమ్మ వైపు చూశాను. ఆవిడ ఏసీ గాలి వచ్చేచోట, ఒళ్ళో సంచీతో హాయిగా కూర్చుంది.

"ఏటమ్మా ఆ సంచీలో?"

"నెత్తళ్ళే. మంచి ఎండువి."

"ఏసీ హాల్లోకా?"

"ఒసే, ఒకలింటికి అడగడానికెల్తే వట్టి సేతుల్తో ఎల్తామేటే? ఆ సంగతి నీ బడిలో సెప్పనేదా?"

మా వైపు అంతే. ఎవరి గుమ్మం ఎక్కి ఏ సాయం అడగాలన్నా ముందు చేపలు చేతికివ్వాలి, తర్వాతే నోరు విప్పాలి. కరణంగారిల్లయినా, అంతర్జాతీయ సభయినా అమ్మకి ఒకటే రూలు. నేను సంచీ లాక్కోబోయాను, ఆవిడ ఇవ్వలేదు. ఇద్దరం పెనుగులాడుతుంటే నవ్వొచ్చేసింది. ఆపుకుందామంటే ఇంకా ఎక్కువైంది. అనువాదం చెప్పాల్సినదాన్ని నోట్లో చున్నీ కుక్కుకుని కూర్చున్నాను.

అప్పుడు బంగ్లాదేశ్ నుంచి వచ్చిన లాయరమ్మ లేచి నేరుగా మా దగ్గరికొచ్చింది. అయిపోయింది, గెంటేస్తారు అనుకున్నాను. ఆవిడ వంగి, వాసన పీల్చి, "శుట్కి!" అంది. కళ్ళు వెలిగిపోతున్నాయి. ఎండు చేపని వాళ్ళ భాషలో అలా అంటారట. వాళ్ళమ్మమ్మగారిది సముద్రం ఒడ్డు ఊరట.

ఇక నా ఉద్యోగం ఊడింది. మా నాన్నతో పారాదీప్‌లో ఏళ్ళ తరబడి ఉన్న అమ్మకి ఒరియా ధారాళంగా వచ్చు. ఆవిడ ఒరియాలో అడిగితే ఈవిడ బెంగాలీలో చెప్పింది, ఇద్దరికీ అర్థమైపోయింది. నాకే ఏమీ అర్థం కాలేదు. మధ్యమధ్య అమ్మే నాకు తెలుగులో చెప్పింది.

"ఈయమ్మ ఊరోడొకడు తుపానులో మనేపు కొట్టుకొచ్చి ఏడాదిపైనే మన జైల్లో ఉన్నాడట. ఆడి తల్లికి ఏ కబురూ నేదట. ఆడ్ని నేను సూసొస్తాను, మనోడు ఆల జైల్లో ఉన్నాడేమో ఈయమ్మ ఎతికి సూసొస్తాది. ఒప్పందం అయిపోనాది."

వేదిక మీద వాళ్ళు ఇంకా తీర్మానం మొదటి పేరాలోనే ఉన్నారు. వాళ్ళని ఎగతాళి చెయ్యను. ఆ పేరా పట్టుకునే సభవాళ్ళు రెండు వైపులా అర్జీలు పెట్టారు. నెలన్నరకి మాకు ములాఖత్ అనుమతి వచ్చింది.

జైల్లో జాలీ అవతల నిలబడ్డ ఆ లాయరమ్మ ఊరివాడికి నలభై ఏళ్ళుంటాయి. బిత్తరచూపులు చూస్తున్నాడు. అమ్మ జాలీకి మొహం ఆనించి, "భాతొ ఖాయిల?" అంది. అన్నం తిన్నావా అని. అతను పగలబడి నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. జైలరుగారి అనుమతితో వాళ్ళమ్మకి నాలుగు వాక్యాలు రాసిచ్చాడు.

బయటికొచ్చి బస్టాపులో ఆ చీటీకి ఫోటో తీస్తున్నాను. ఫోన్ మోగింది. లాయరమ్మ నుంచి మెసేజ్. ఏదో ఫోటో, ఇంకా తెరుచుకోలేదు.

"అమ్మా, మనది వచ్చింది!"

"ఆగు. ముందు ఆడి సీటీ పంపు."

"అమ్మా, నీకేమైనా పిచ్చా?" రోడ్డు మీదే అరిచాను.

"నేను పదకొండు నెల్లు ఆగేను, మల్లా ఈ నెలన్నర. ఆ తల్లి మనకంటే ముందునుంచీ ఆగుతున్నాది. వరసలో ఆవిడే ముందు. పంపు."

తిట్టుకుంటూనే పంపాను. అప్పుడు మా ఫోటో తెరిచాను. రూళ్ళ కాగితం, పెన్సిలు రాత. అన్న రాతే. లోపలే రెండుసార్లు చదువుకున్నాను. అమ్మకి చదువు రాదు. కాగితం వైపు కాదు, నా మొహంలోకే చూస్తోంది.

"బాగున్నాడమ్మా. వచ్చేస్తాను అని రాశాడు" అన్నాను.

ఆవిడ రోడ్డు మీదే చతికిలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నేనూ పక్కన కూలబడ్డాను. బస్సొచ్చి ఆగి, మమ్మల్ని చూసి వెళ్ళిపోయింది. కాసేపటికి అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మీ వదినకి ఫోన్ సెయ్యి. బతికున్నాడని సెప్పకు, అది దానికెప్పుడో తెలుసు. వస్తన్నాడని సెప్పు."