హోరస్ బావ ఆఖరి చేపల ఏడాది

మా అక్క డెల్ఫీనా మొగుడు హోరస్ టేబర్ స్కూలు బస్సులు బాగుచేసే మెకానిక్కు. బతుకుతెరువు బస్సులే అయినా ప్రాణమంతా చేపల మీదే ఉండేది. ఏప్రిల్‌లో మిల్లు చెరువులో ట్రౌట్. మే నెలలో హెర్రింగ్ చేపల్ని తరుముకుంటూ వాగు సముద్రంలో కలిసే మూతిదాకా వచ్చే చారల బాస్ చేపలు. ఎండాకాలం తెల్లవారుతుండగా సముద్రపు బండల మీద నిలబడి, బతికున్న మలుగుపామును, ఆ పాములాంటి చేపను, ఎరగా వేసి పెద్ద బాసుల కోసం కాపు. అక్టోబరులో దక్షిణానికి మళ్లే బాసుల గుంపులు. మంచు పడ్డాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని కోడి ఈకలతో ట్రౌట్‌కి ఎరగా వేసే ఉత్తుత్తి ఈగలు కట్టేవాడు. పట్టిన చేపల్లో చాలావాటిని మళ్లీ నీళ్లలోకే వదిలేసేవాడు.

నేను బావమరిదిని కాబట్టి నాకు ఎగతాళి తప్పేది కాదు. "అర్లిందో, నువ్వు నీళ్లలో దిగితే చేపలు ధైర్యంగా పిల్లల్ని కూడా షికారుకి తెచ్చుకుంటాయిరా" అనేవాడు.

ఆ ఏడాది ట్రౌట్ కాలం మొదలైన రోజు చెరువు గట్టు నిండా జనం. బావ దారానికి ఈగ కట్టబోతే అది వేళ్లలోంచి జారి గడ్డిలో పడింది. వెతికి తీశాడు. మళ్లీ జారింది.

"వేళ్లు కొయ్యబారాయిరా. నువ్వు కట్టు."

బావ తన గాలానికి ఇంకొకరి చేత ముడి వేయించుకోవడం నేనెన్నడూ చూడలేదు.

"చలి బావా" అన్నాను.

"చలే" అన్నాడు. మా పక్కవాళ్లు కోట్లు విప్పి కొమ్మలకు తగిలించుకుని ఉన్నారు.

మే నెలలో వాగు మూతి దగ్గర పెద్ద బాస్ ఒకటి ఎర అందుకుని ఒక్క గుంజు గుంజింది. గాలం కర్రా, దారం చుట్టే రీలూ రెండూ బావ చేతుల్లోంచి ఎగిరి నీళ్లలో పడి మాయమయ్యాయి. గట్టు మీదివాళ్లు నవ్వారు. "హోరస్, ఎర చాలక కర్ర కూడా పెట్టావేంటయ్యా దానికి?" అన్నాడొకడు. బావ కూడా నవ్వాడు. కానీ ట్రక్కు ఎక్కాక తాళం తిప్పలేకపోయాడు. పక్క సీటులోకి జరిగాడు. నేను నడిపాను.

ప్రావిడెన్స్‌లో పెద్దాసుపత్రి డాక్టరు తేల్చి చెప్పింది. కండల్ని కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. మందు లేదు. చేతులు, కాళ్లు, మాట, చివరికి ఊపిరి పోతాయి. తెలివి మాత్రం చెక్కుచెదరదు. అంతా విని బావ అడిగింది ఒక్కటే. "అక్టోబరుకి నిలబడగలనా?" ఆవిడ చెప్పలేనంది.

మలుగుపామును చూస్తేనే దూరం జరిగే మా అక్క, ఆ ఎండాకాలం వాటిని గుడ్డతో పట్టుకుని గాలానికి గుచ్చడం నేర్చుకుంది. ఇసుకలో కుర్చీ వేసి బావని కూర్చోబెట్టి, తను నడుములోతు నీళ్లలోకి దిగేది. బావ వెనకనుంచి అరిచేవాడు.

"భుజంతో కాదు, మణికట్టుతో విసురు. దుప్పటి దులుపుతున్నావా?"

"ఇంట్లో నీ దుప్పటి దులిపేదీ నేనేగా. అదే అలవాటు."

జూలైలో ఒక పొద్దున అక్కకి బావ జన్మలో పట్టనంత పెద్ద బాస్ పడింది. ఆయాసపడుతూ, నవ్వుతూ దాన్ని ఒడ్డుకి లాక్కొచ్చి బావ పాదాల దగ్గర పెట్టింది. బావ దానివైపు చూడలేదు.

"ఇంటికి పోదాం" అన్నాడు. తర్వాత చాలా రోజులు అక్కతో మాట్లాడలేదు. అన్నం తినిపిస్తే నోరు మాత్రం తెరిచేవాడు.

"నా చేతులు చూస్తేనే గిట్టట్లేదురా మీ బావకి" అంది అక్క నాతో. "ఆ చేతులతోనే కడగాలి, తుడవాలి. ఏం చెయ్యను?"

అక్టోబరు వచ్చింది. ఎవరైనా పట్టుకుంటే బావ నిలబడగలుగుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. అక్క స్నానానికి వెళ్లిన సమయం చూసి నన్ను దగ్గరికి పిలిచాడు.

"బండ మీదికి తీసుకెళ్లు. రబ్బరు తొడుగు వెయ్యి. బెల్టు వద్దు."

నీళ్లలో దిగేటప్పుడు రొమ్ముదాకా వేసుకునే ఆ తొడుగులోకి నీళ్లు దిగకుండా ఆపేది నడుం బెల్టే. అది లేకుండా పడితే నిండిపోతుంది. మనిషి లేవడు.

"నావల్ల కాదు బావా" అన్నాను. అక్కకి చెప్పేశాను. ఆమె తల తుడుచుకుంటూ విని, "రేపు పొద్దున్నే ముగ్గురం పోదాం" అంది.

మర్నాడు ఇద్దరం చెరో రెక్కా పట్టి బావని బండ మీదికి ఎక్కించాం. పక్షులు గుంపులుగా నీళ్ల మీద పడుతున్నాయి. కాస్త దూరంలో బాసులు నీళ్లు కలియబెడుతున్నాయి. అక్క రబ్బరు తొడుగు మీద బావ నడుముకి బెల్టు పెట్టి బిగించింది. తర్వాత ఒక తాడు తీసి ఒక కొస అతని నడుముకి, రెండోది తన నడుముకి కట్టుకుంది.

"ఇదేంటి?" అన్నాడు బావ.

"పోతే ఇద్దరం పోతాం. ఇష్టమైతే అడుగెయ్."

బావ నీళ్లవైపు చూస్తూ నిలబడ్డాడు. అడుగు వెయ్యలేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. పోటు పెరిగింది. ఒక పెద్ద అల వచ్చి ఇద్దర్నీ పడగొట్టింది. నేను తాడు పట్టుకుని లాగాను. అక్క ఒక చేత్తో బండ అంచు పట్టుకుని, రెండో చేత్తో పట్టిన అతని కాలరు వదల్లేదు. పైకి చేరేసరికి ఆమె మణికట్టు విరిగింది. బావ చెంప బండకి అంటుకున్న గుల్లలకి కోసుకుపోయి రక్తం కారుతోంది.

"వదిలెయ్యాల్సింది" అన్నాడు. "నీకు దయ లేదు డెల్ఫీనా."

"లేదు" అంది అక్క.

అతను మళ్లీ అడగలేదు. చలికాలంలో మాట పూర్తిగా పోయింది. ఫిబ్రవరిలో గొంతుకి గొట్టం వేశారు. అక్క పక్కన కూర్చుంటే కళ్లు మూసుకునేవాడు, నేను కూర్చుంటే తెరిచేవాడు. మార్చిలో, అక్క కళ్లెదుటే, ఊపిరి అందక గింజుకుని పోయాడు.

అతనితో చేపలు పట్టినవాళ్లు ఇంటికొచ్చారు. దహనం చేయించి, ఆ బూడిద బండ మీదనుంచి సముద్రంలో కలుపుదామన్నారు. హోరస్‌కి అదే ఇష్టమన్నారు.

"తెలుసు" అంది అక్క. "ఇష్టమని తెలుసు. ఇవ్వను."

అలల చప్పుడు వినపడనంత దూరంలో ఉన్న శ్మశానంలో పాతిపెట్టించింది. తిరిగొస్తుంటే ట్రక్కులో నాతో, "చివరిదాకా నన్ను క్షమించలేదురా" అంది. నేను ఏదో చెప్పబోయాను. "ఊరుకో, నువ్వు నడుపు" అంది.