పట్టుగాళ్లకు ఖాతా లేని సీజన్

2007 నవంబరు 20, మంగళవారం, ఉదయం ఏడు గంటలు. నారాయణఖేడ్‌లో ఆకాశం నిర్మలంగా ఉంది. చలి గట్టిగా ఉంది. మైదానం మట్టి మంచుకు తడిసి ఉంది. డివిజన్ జూనియర్ కళాశాలల కబడ్డీ జట్టు ఎంపిక ఆ రోజే. ఎంపిక సంఘానికి నేను కన్వీనర్‌ను, ఇద్దరు ఫిజికల్ డైరెక్టర్లు సభ్యులు. ఆరు కళాశాలలు ఆడిన పదిహేను మ్యాచ్‌లలోంచి పన్నెండు మందిని తీసి జిల్లా పోటీలకు పంపాలి.

మా పద్ధతి సులభం. కూతకు వెళ్లి తెచ్చిన పాయింట్లు ఆటగాడి పేరున రాసేవాళ్లం. వచ్చినవాణ్ణి పట్టినప్పుడు నలుగురైదుగురి చేతులు పడతాయి కనుక ఆ పాయింటు జట్టు ఖాతాలోకే వెళ్లేది. సీజన్ చివర ఎక్కువ పాయింట్లున్న పన్నెండు మందీ తొలి జాబితా. కూతగాడు పట్టు కూడా పట్టగలడని అందరి నమ్మకం.

కంగ్టి కళాశాల కూతగాడు మల్లేశం ఆ జాబితాలో రెండోవాడు. అదే జట్టులో ఎడమ మూల కాసే సామ్యేల్ అందులో లేడు. అతని పేరున సీజన్ మొత్తానికి నాలుగు పాయింట్లే ఉన్నాయి. వచ్చే ఏడాదికి అతని వయసు మీరుతుంది. ఎంపిక కాకపోతే తల్లిదండ్రులతో పాటు కర్ణాటకకు చెరకు కోతకు లారీ ఎక్కవలసిందే. ఆ సంగతి మల్లేశమే మాకు చెప్పాడు.

జాబితా చదివాక, సంతకాలకు ముందు, ఎంపికైనవారికీ మిగిలినవారికీ ఒక మ్యాచ్ పెట్టడం మా ఆనవాయితీ. సాధారణంగా అది లాంఛనమే. ఆ రోజు కాలేదు. మొదటి కూతకు వెళ్లిన మల్లేశం మడమను సామ్యేల్ ఒడిసిపట్టాడు, పక్కవాళ్లు మీద పడ్డారు. మల్లేశం బయట కూర్చున్నాడు. కబడ్డీలో అవుటైనవాడు తన జట్టు ఎదుటివాళ్లలో ఒకణ్ణి అవుట్ చేస్తేనే తిరిగి లోపలికి వస్తాడు. ఎంపికైనవారి తరఫున బరిలోకి దిగిన ఏడుగురిలో పట్టు తెలిసినవాడు ఒక్కడూ లేడు. కూతకు వెళ్లినవాళ్లూ ఒకరి తర్వాత ఒకరు దొరికిపోయారు.

మల్లేశం గీత బయటి నుంచే అరిచాడు. "సార్, మా దాంట్ల పట్టేటోడు ఒక్కడన్న ఉంటే గద నేను లోపలికొచ్చేది! గా సామ్యేల్‌ను నా దిక్కు ఇయ్యుండ్రి!"

మూలలోంచి సామ్యేల్ నవ్వాడు. "రెండేండ్ల సంది నిన్ను లోపలికి తెచ్చింది నేనే గదరా. గిప్పుడు యాదికొచ్చిందా? కూసో ఇగ, సల్లగున్నది మట్టి."

మ్యాచ్ 27–14తో మిగిలినవారిదైంది. వారు పట్టిన తొమ్మిది కూతల్లో ఆరింటికి మొదటి చెయ్యి సామ్యేల్‌ది.

పట్టుగాళ్లకు చోటిచ్చేలా జాబితా మారుద్దామన్నాను. సభ్యుల్లో ఒకరైన సిర్గాపూర్ ఫిజికల్ డైరెక్టర్ రాజేశ్వర్ ఒప్పుకోలేదు. "ఏంది సార్, లెక్క మనమే పెట్టినం. మనమే తీసేస్తే రేపు అందరు మన మీదికొస్తరు. ఒక్క మ్యాచ్ చూసి సీజన్ మర్లేస్తమా?"

ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే మాటతో కాక అంకెతో జవాబిచ్చాను. ఎదుటి జట్టంతా అవుటైతే వచ్చే అదనపు పాయింట్లు తీసేస్తే ఆ సీజన్‌లో కంగ్టి జట్టువి 150. అందులో కూతతో వచ్చినవి 66, పట్టుతో వచ్చినవి 84. ఆ 84 ఎవరి పేరునా లేవు.

"మరి గా ఎనభై నాలుగింట్ల సామ్యేల్‌వి ఎన్నో ఎట్ల తెలుస్తది?" అన్నాడాయన.

తెలియదన్నాను. పొద్దున అతను పట్టిన ఆరు మాత్రం ముగ్గురమూ చూశాం. రాజేశ్వర్ జాబితా నా ముందుకు జరిపి, "సరే, రాయుండ్రి. ఎవడన్న అడిగితే మీ పేరే చెప్త," అన్నాడు. తొలి జాబితా చివరి నుంచి ఐదుగురిని తీశాం. వారి ముఖాలు చూడడం సులభం కాలేదు. కారణం ఒక్కొక్కరికీ చెప్పాను.

లెక్క తప్పలేదు. ఒక పనిని లెక్కించి మరొక పనిని వదిలేస్తే వదిలినది సున్నాగా కనబడుతుందని మాత్రం ఆ ఉదయం నేర్చుకున్నాను. మరుసటి సీజన్ నుంచి పట్టులో మొదటి చెయ్యి వేసినవాడి పేరునా ఒక పాయింటు రాశాం.

పదకొండు గంటలకు చదివిన తుది జాబితాలో కూతగాళ్లు ఏడుగురు, పట్టుగాళ్లు ఐదుగురు, మొత్తం పన్నెండు. పన్నెండో పేరు సామ్యేల్‌ది.