మా ట్యాంకర్‌కు రజియక్క వేసిన అతుకు

రజియక్క ఇక లేదని నిన్న పొద్దున ఫోన్ వచ్చింది.

నమ్మలేదు. మొన్ననే కదా షాపు ముందు నిలబెట్టి నన్ను తిట్టింది.

గుండెపోటు అంట.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కదిరి రోడ్డులో వెల్డింగ్ షాపు మస్తాన్ సాబు కూతురు. పాలిటెక్నిక్ చదివి, నేరుగా వచ్చి నాయన పక్కనే వెల్డింగ్ మెషీన్ పట్టుకుంది.

ఒక ఎండాకాలం మా ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోయాయి. ఊరికి నీళ్ళంటే నా ట్యాంకరే. దాన్ని ట్రాక్టర్‌కు తగిలించే ఇనుప కమ్మీ, డ్రాబార్, మాత్రం అతుకు దగ్గర మాటిమాటికీ చీలేది.

మా వైపు దీనికి అందరిదీ ఒకటే వైద్యం. చీలినచోట ఇంకా మందమైన ప్లేటు అతికించడం. నేనూ అదే చేయించాను. ఇంకా తొందరగా చీలింది.

చివరికి వాళ్ళ షాపుకు తోలుకుపోతే, అక్క కింద కూర్చుని చూసి నవ్వింది.

"ఇది ఒక్క దెబ్బకు ఇరిగింది కాదప్పా. గుంతల్లో ఊగి ఊగి అలిసిపోయి చీలింది. మందం ప్లేటు తాను వంగదు, ఆ భారమంతా అతుకు అంచు మీదికే తోస్తాది. ప్లేటు మందమయ్యేకొద్దీ ఆ అంచు తొందరగా అలిసిపోతాది."

పాత పట్టీలన్నీ కోసి పారేసింది. పలచటి ప్లేటు వేసి, కొసలు ఏటవాలుగా కోసి, అతుకు అంచులు గ్రైండర్‌తో నున్నగా చేసింది.

సాబుకు కోపం వచ్చింది. "దోవలో ఇరిగితే ఊరికి నీళ్ళెవరు పోస్తారు? నా షాపు పేరేం గావాల?"

"నేనే తోల్తా. ఇరిగితే మళ్ళీ మెషీన్ ముట్టను" అంది.

అన్నంత పనీ చేసింది. నిండు ట్యాంకర్‌తో మా ఊరి గుట్ట దారి ఎక్కేసింది. డ్రైవర్ సీట్లో అక్కను చూసి, బిందెలతో నిలబడిన ఆడవాళ్ళంతా ఒకటే చప్పట్లు.

ఆ ఎండాకాలమంతా ట్యాంకర్ తిరిగింది. వానలు పడ్డాక సాబు స్వయంగా ట్యాంకర్ కింద దూరి, అతుకు అంచు వెంట వేలితో తడిమి చూసుకున్నాడు. చీలిక లేదు.

ఆ తర్వాత షాపుకు ఎవరొచ్చినా ఆయనది ఒకటే మాట. "మా రజియాను అడుగు."

అప్పుడు అక్క మొహం చూడాల్సింది. ఆ గర్వం అక్క పూర్తి హక్కుతో సంపాదించుకున్నది.

నిన్న దఫన్‌కు, అక్కను మట్టిలో పెట్టేందుకు, వచ్చిన జనానికి నీళ్ళు నేనే తోలుకుపోయాను. అదే ట్యాంకర్, అదే అతుకు.

సాబు నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి నడిచాడు. వంగి, అంచు తడిమాడు.

"చూడప్పా" అన్నాడు. "అట్లే ఉండాది."

గెలిచినావక్కా.

ఇక నిమ్మళంగా పడుకో. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి.