తిరిగిరాని పడవ జవాబిచ్చింది

గంగమ్మ తోడు, ఒక్క ముక్క కల్పించడం లేదు. నవ్వేవాళ్లుంటే ఇప్పుడే నవ్వేసుకోండి.

జువ్వలదిన్నె రేవు పక్క గదిలో నేనూ సురేషూ పడవల కోసం ఒక యాప్ నడుపుతున్నాం. ఉచితం. కోడ్ కూడా తెరిచే పెట్టాం, ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. ఏ పడవ ఎక్కడుందో, గాలి ఎప్పుడు లేస్తుందో చూపిస్తుంది. చేపల వేట నిషేధం ముగిసింది. తెల్లారితే పడవలన్నీ కదులుతాయి, మా అన్న పడవ కూడా. ఆలోపు కొత్త వెర్షన్ వదలాలి. అదేమో... తెరుచుకోవడానికే ఏడుస్తోంది. పాతది వేలు పెట్టగానే తెరుచుకునేది. సముద్రంలో సిగ్నల్ కాసేపే దొరుకుతుంది. ఆ కాసేపట్లో హెచ్చరిక అందకపోతే మనుషులు పోతారు.

మార్పులన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసి చూశాను. దొరికింది. ఒక్క పడవ జవాబు కోసం యాప్ ఆగిపోతోంది. పోలయ్య పడవ.

పోలయ్య పోయిన తుపానులో వెళ్లాడు. రాలేదు. మా దగ్గర ఇంటామె చెప్పేదాకా అలాంటి పడవ పేరు లిస్టులోంచి ఎవరూ తీయరు. పోలయ్య భార్య రమణక్క చెప్పలేదు, మేం తీయలేదు. పాత వెర్షన్ జవాబివ్వని పడవను వదిలేసి ముందుకు పోయేది. కొత్తది కాచుకుని కూర్చుంటోంది. ఇంతేగా అనుకున్నాను.

కానీ... జవాబు వస్తోంది.

ఆలస్యంగా. సముద్రంలో ఎక్కడో ఒక చుక్క. మళ్లీ అడిగితే... ఇంకాస్త దగ్గర.

నాకు ఒళ్లు మండింది. సురేష్ వైపు తిరిగాను. "పోయినోళ్లతో ఆటలేందిరా?"

"నేనేం చేయలా అన్నా! మాయమ్మ మీద ఒట్టు!"

నమ్మలేదు. వాడి లాప్‌టాప్ మూసేశాను. ఫోన్ లాక్కున్నాను. చుక్క ఆగలేదు. రేవులోకి వచ్చేసింది. అప్పుడు విన్నాం...

డుగ్... డుగ్... డుగ్...

డీజిల్ ఇంజన్. కిటికీ తీశాను. కట్టేసిన పడవలు తప్ప ఏమీ లేవు. నీళ్లు కదలడం లేదు. మోత మాత్రం దగ్గరవుతోంది.

కిటికీ మూసేశాను. ఆలస్యమైతే ఆగొద్దు, వదిలేసి పొమ్మని కోడ్‌లో ఒక్క వరుస రాశాను. యాప్ టక్కున తెరుచుకుంది. మోత ఆగిపోయింది. కొత్త వెర్షన్ అందరికీ వదిలాం.

తెల్లారి అన్న పడవ వెళ్లాక రమణక్క ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది. పరీక్షకని ఆమె ఫోన్‌లోనూ కొత్తదే పెట్టి ఉన్నాం.

"అబ్బయా, రాత్రి మా ఆయన పడవ కనబడింది గదా! రేవులోకి గూడా వచ్చినాడు. ఇంకొంచెముంటే ఒడ్డు... యాడికి పోయినాడు? ఎవురు పొమ్మన్నారు?"

సురేష్ నా వైపు చూశాడు.

వాడే ఆడించాడేమోనని ఇప్పటికీ నా అనుమానం. వాడికి నా మీద. ఆ వరుస తీసేసి చూద్దామని ఎన్నిసార్లో కోడ్ తెరిచాను... తీస్తే యాప్ మళ్లీ ఆగిపోతుంది, అన్న ఇంకా వేటకు పోతూనే ఉన్నాడు. తీయలేకపోయాను.