గాజు సిరంజి కోసం కూచిపూడి దాకా

పదకొండో ఏట నాకు షుగర్ వచ్చింది, అదీ ఇన్సులిన్ లేకుండా పూట గడవని రకం. అప్పట్లో మా అమ్మ గాజు సిరంజిని స్టీలు డబ్బాలో మరిగించి, సూదిని సానరాయి మీద రెండుసార్లు రాసి పొడిచేది. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి వేడి చేస్తే, షుగర్ ఎక్కువుంటే ఇటుక రంగు తేలేది. ఆ రంగు చూసి ఇంట్లో అందరి మొహాలూ వాడిపోయేవి. ఇప్పుడు నా చేతికి అతికించుకున్న బిళ్ల అయిదు నిమిషాలకోసారి ఫోన్‌కి షుగర్ లెక్క పంపిస్తోంది. ఆ పాత సామానంతా అమ్మ ఎప్పుడో తూకానికి వేసేసింది. ఆ ఉక్రోషంతోనే కాబోలు, నలభై దాటాక ఊరూరా తిరిగి అలాంటివే పోగుచేస్తున్నాను. విజయవాడ భవానీపురంలో మా ఇంట్లో ఒక బీరువా వాటికే. మావారు దాన్ని ‘నీ ఆస్పత్రి’ అంటారు.

కూచిపూడికి మూడు కిలోమీటర్ల అవతల ఒక నేత కుటుంబం దగ్గర డబ్బాతో సహా గాజు సిరంజి ఉందని తెలిసింది. ఫోన్లో మాట్లాడుకుని జనవరిలో ఒక శుక్రవారం బయల్దేరాను. ఏడింటికి విజయవాడ బస్టాండులో మచిలీపట్నం బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు అడ్డం పడి పావుగంట పోయింది. పామర్రులో దిగి, షేర్ ఆటోలో ముప్పై రూపాయలిచ్చి కూచిపూడి చేరేసరికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి కాలవగట్టు మీద బస్సు లేదు. దానియేలు అనే యాభై ఏళ్ల ఆటో ఆయనతో రానూ పోనూ మూడొందలకు కుదుర్చుకున్నాను.

“వెయిటింగు అరగంటేనండీ. ఆ తర్వాత మీ ఇష్టం, నా ఇష్టం,” అన్నాడు.

“అరగంట ఎందుకు, పది నిమిషాల్లో వచ్చేస్తా,” అన్నాను. వస్తువు నచ్చితే ఎక్కువసేపు కూర్చోకూడదన్నది నా పద్ధతి. కూర్చుంటే ధర పెరుగుతుంది.

ఇంటాయన సుబ్బారావు గారు మగ్గం పక్కన కుర్చీలో ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. చలికాలం పొద్దున చొక్కా తడిసిపోయి ఒంటికి అంటుకుంది. నమస్కారం పెడితే, “ఎందుకొచ్చావు? ఎవరు రమ్మన్నారు?” అని కసిరారు. నాకు ఒళ్లు మండింది. బేరానికి ముందు బెట్టు చేస్తున్నాడనుకున్నాను. ముప్పై అయిదేళ్లుగా షుగర్ పడిపోయినప్పుడల్లా అదే చెమట, అదే కోపం నా ఒంట్లోనే చూస్తున్నదాన్ని, ఎదుటి మనిషిలో గుర్తుపట్టలేకపోయాను. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

ఆయన భార్య రమణమ్మ గారు స్టీలు డబ్బా తెచ్చి చేతిలో పెట్టారు. మూత తీస్తే సిరంజి ఉంది, కానీ లోపల తడి ఉంది.

“ఇప్పుడే కడిగారా అమ్మా?”

“పొద్దున పొడిచాక కడిగానమ్మా. ఆయన ఇన్సులిన్ పెన్ను బిగుసుకుపోయింది, ఎంత నొక్కినా మందు దిగలా. దీన్ని నిన్ననే మరిగించి ఉంచాగా. పెన్నులో మందు దీంతో లాగి ఎనిమిదింటికి పొడిచేశా.”

“ఎంత లాగారు?”

“రోజూ ఇరవయ్యేగా. ఇరవయ్యో గీత దాకా లాగా.”

సిరంజి పైకెత్తి గీతలు చూశాను. పాత సిరంజి మీది గీతలు పలచటి మందు కోసం గీసినవి, మిల్లీలీటరుకు నలభై యూనిట్ల లెక్కన. ఇప్పటి పెన్నులో మందు మిల్లీలీటరుకు వంద. ఆ ఇరవయ్యో గీత దగ్గర ఆయన ఒంట్లోకి వెళ్లింది ఇరవై యూనిట్లు కాదు, యాభై. పొడిచి అప్పటికి రెండు గంటలు కావస్తోంది.

సంచిలోంచి మీటరు తీసి ఆయన వేలు పట్టుకుంటే విదిలించుకున్నారు. రమణమ్మ గారు చెయ్యి అదిమిపట్టాక రక్తం చుక్క దొరికింది. యాభై రెండు. డెబ్బై కంటే తగ్గితేనే ప్రమాదం.

“పంచదార తెండి. త్వరగా!”

ఆవిడ కదల్లేదు. “పంచదారా? ఇంట్లో లేదమ్మా. ఆయన దొంగతనంగా తింటారని ఆరేళ్ల నుంచి గడప దాటనివ్వలా.”

నా దగ్గర ఒక్క గ్లూకోజు పొట్లం ఉంది. సగం పొట్లం గ్లాసు నీళ్లలో కలిపి నోటి దగ్గర పెడితే, “షుగరోడికి తీపి పోస్తావా, చంపుతావా!” అని చేత్తో కొట్టేశారు. గ్లాసు మగ్గం గుంటలోకి దొర్లింది. మిగిలిన సగం కలిపి రమణమ్మ గారికిచ్చాను. ఆవిడ ఆయన తల పొట్టకానించుకుని, “ఏవండీ, నేను పోస్తున్నా. తాగండి,” అన్నారు. ఆ మాటకు తాగారు. పక్కింటి నుంచి బెల్లం వచ్చింది. పావుగంట తర్వాత అరవై ఎనిమిది. హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ చూస్తే యాభై ఏడు. లోపల మందు ఇంకా పనిచేస్తూనే ఉంది.

దానియేలు ఆయన్ని రెండు చేతులా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. గట్టు మీద వరి మోపుల ట్రాక్టరు ఎదురొచ్చి ఆగింది. అటూ ఇటూ దారి లేదు.

“హారన్ కొట్టండి!” అని అరిచాను.

“అరవకండి మేడం గారూ. ఆడు ఎనక్కి పోలేడు, నేను పోతా. ఆయన్ని పట్టుకోండి,” అని దానియేలు ఆటోను వందగజాలు వెనక్కి నడిపాడు. ఒకవైపు కాలవ. రమణమ్మ గారు బెల్లం నీళ్లు చెంచాతో పోస్తున్నారు, ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి. నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. భయమేసింది. నా సొంత షుగర్ పడిపోయినప్పుడు కూడా ఎప్పుడూ అంత భయపడలేదు.

పామర్రులో ఒక ఆస్పత్రికి చేరేసరికి పదకొండున్నర. గ్లూకోజు సీసా ఎక్కించి, గంటగంటకూ చూస్తూ సాయంత్రం దాకా ఉంచారు. నాలుగింటికి ఆయన నిద్రపోతుంటే మంచం పక్కన రమణమ్మ గారి చెయ్యి పట్టుకున్నాను.

“నన్ను క్షమించండి. మరిగించమని, పిస్టన్ ఆడుతుందో లేదో చూడమని ఫోన్లో చెప్పింది నేనే. చెప్పకపోతే అది పెట్టెలోంచి బయటికే వచ్చేది కాదు.”

ఆవిడ ఆయన దుప్పటి సర్దారు. “నువ్వు బయటికి తీయించావు, నేను పొడిచాను. ఆయనకి మటుకు చెప్పకు తల్లీ. చూపు ఆనదు, తనంతట పొడుచుకోలేరు. తెలిస్తే ఇంక నా చేత పొడిపించుకోరు.”

“వినపడిందిలేవే,” అన్నారు సుబ్బారావు గారు, కళ్లు తెరవకుండానే. “రేప్పొద్దున ఎన్ని పొడవాలో ఆ డాక్టరుగారిని సరిగ్గా అడిగి రాయించుకో.”

రమణమ్మ గారు కొంగుతో మొహం కప్పుకున్నారు. నేను బయటికొచ్చి దానియేలు పక్కన బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. వెయిటింగు డబ్బులు ఇవ్వబోతే, పెట్రోలుకి మాత్రం చాలన్నాడు.

ఆ సిరంజి తెచ్చుకోలేదని రాస్తే మీకు నా మీద గౌరవం పెరిగేదేమో. తెచ్చుకున్నాను. అది ఆ ఇంట్లో ఉండటం కంటే నా బీరువాలో ఉండటం మేలు. ఇన్నాళ్లూ వీటిని అమ్మ జ్ఞాపకాలుగానే చూశాను. మందు మారింది, సూది మారింది, నా చేతి మీదికి బిళ్ల వచ్చింది. పాత పరికరం మాత్రం ఎవరి చేతికి దొరికినా తన పాత లెక్కే చెబుతుంది. ఆ లెక్క నమ్మే మనిషి ఇంకా ఏదో ఒక ఇంట్లో ఉంటారన్న ఆలోచనే నాకు రాలేదు. నచ్చిన వస్తువు దొరుకుతుందన్న సంబరంలో, అది ఏ ఇంట్లో ఉందో, ఆ ఇంట్లో ఎవరికి జబ్బుందో అడగలేదు.

మీరూ ఇలాంటివి వెతుక్కుంటూ బయల్దేరితే, ఫోన్లోనే ఒక మాట చెప్పండి: కడగొద్దు, మరిగించొద్దు, దుమ్ముతోనే ఉంచండి. ఆ ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే, మందు సీసా మీద ఉన్న యూనిట్ల అంకె, సిరంజి మీద ఉన్న అంకె ఒకటేనా అని అప్పుడే అడిగి చూడమనండి. బేరం సంగతి తర్వాత.